ఫైరింగ్ రేంజ్‌లో ఉన్న అమ్మాయికి

చి.ల.సౌ. స్వాతికి నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. పెద్దక్క వాళ్ల గొడవ ఒక కొలిక్కి వచ్చింది, మామయ్య వెళ్లి మాట్లాడాడు. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది. అల్లుడుగారిని అడిగితే "డ్యూటీ ఎక్కువగా ఉంది మామయ్య గారూ" అంటున్నారు. నిజమే, పోలీసు ట్రైనింగ్‌లో కొత్త బ్యాచ్ ఫైరింగ్ అయ్యేదాకా మీ ఇన్‌స్ట్రక్టర్లకు తిండీ నిద్రా ఉండవు.

మొన్న సంతలో మన పాత రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ (ఆర్‌ఐ) గారి డ్రైవర్ కనిపించాడు. మీ సెంటర్లో ఫైరింగ్ అయ్యాక బ్యారక్‌లో రైఫిల్ తుడుస్తుంటే పేలిందట. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఎంక్వైరీ నడుస్తోందని చెప్పాడు. విన్నదల్లా నమ్మే మనిషిని కాను. అమ్మకు చెప్పలేదు.

చంటిగాడికి బ్యాంకు పరీక్ష హాల్‌టికెట్ వచ్చింది. నువ్వొకసారి మాట్లాడితే ధైర్యంగా ఉంటుంది వాడికి.

నేను ఏఆర్‌లో, అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో, చేరిన కొత్తలో మాకు ఫైరింగ్ నేర్పే ఉస్తాద్ ఒకాయన ఉండేవాడు. కొండ కింద రేంజ్, త్రీనాట్‌త్రీ రైఫిళ్లు, మనిషికి అయిదు రౌండ్ల, అంటే తూటాల, క్లిప్ ఒకటి. ఆ రోజు ఫైరింగ్ అయిపోయింది, ఎర్ర జెండా దించబోతున్నారు. ఉస్తాద్ పేలిన తూటాల ఖాళీ గొట్టాలు, ఖోకాలన్నీ గోనెపట్టా మీద పోయించి, పదేసి చొప్పున కుప్పలు పెట్టించాడు. ఒకటి తగ్గింది. గడ్డిలో పడి ఉంటుందని అందరం మోకాళ్ల మీద వెతికాం. చీకటి పడింది, టార్చిలైట్లు తెచ్చాం. ఆఫీసర్ గారి జీపు స్టార్ట్ చేసే ఉంది. "రేపు పొద్దున చూద్దాంలేవయ్యా" అన్నారాయన. ఉస్తాద్ సెల్యూట్ కొట్టి "లెక్క తేలాకే సార్" అన్నాడు. అంతే, కదల్లేదు. అందరినీ వరసలో నిలబెట్టి బూట్లూ మేజోళ్లూ విప్పించాడు. మా పక్క బ్యారక్ కుర్రాడి మేజోడులోంచి రౌండ్ జారి పడింది. ఖోకా కాదు, పేలని రౌండ్! నాలుగే కాల్చి, అయిదోది ఊళ్లో తమ్ముడికి చూపించాలని దాచుకున్నాడు. ఉస్తాద్ వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. రౌండ్ తీసి పెట్టెలో పెట్టి, రిజిస్టర్‌లో రాసి, "ఇప్పుడు వెళ్దాం సార్" అన్నాడు. ఆ తమ్ముడికి ఎనిమిదేళ్లు ఉంటాయేమో.

నువ్వు చెప్పకపోయినా అడుగుతున్నాను తల్లీ, ఆ రోజు రేంజ్‌లో చెకింగ్ ఎవరు చేశారు? నీ డ్యూటీయేనా?

నీకు తెలియనిదేం కాదు. అయినా రాస్తాను. ముందు తూటాలుండే మేగజైన్ తీయించాలి, ఆ తర్వాతే పేలబోయే రౌండ్ కూర్చునే చాంబర్ చూడాలి. మేగజైన్ ఉండగా కాకింగ్ హ్యాండిల్ లాగితే ఒక రౌండ్ బయటపడుతుంది, వదలగానే ఇంకోటి లోపలికి పోతుంది. కుర్రాళ్లు బయటపడ్డది చూసి ఖాళీ అయిపోయిందనుకుంటారు. "ఖాళీ కర్" అని అరిస్తే చాలదు. ఒక్కో చాంబర్‌లోకి నువ్వు వంగి చూడాలి, వెలుతురు లేకపోతే వేలు పెట్టి చూడాలి. తుడవడానికి ఇచ్చేముందు మళ్లీ చూడాలి. ఎంతమంది ఉన్నా, ఎంత పొద్దుపోయినా సరే. ట్రిగ్గర్ మీద వేలు వాళ్లదే అయినా జవాబు చెప్పాల్సింది నువ్వు. ఎస్పీ గారు వెనక నిలబడి ఉన్నా, తేడా కనిపిస్తే ఫైరింగ్ ఆపించు. మొహమాటపడకు.

2014 ఆగస్టులో అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో ఒక రేంజ్‌లో తొమ్మిదేళ్ల పాపకు ఊజీ తుపాకి నేర్పిస్తూ ఇన్‌స్ట్రక్టర్ చనిపోయాడు. ముందు ఒక్కొక్క రౌండే కాల్పించి, తర్వాత ఆటోమేటిక్‌కి, అంటే ట్రిగ్గర్ వదిలేదాకా వరసగా పేలేలా, మార్చాడు. ఆ అదురుకి తుపాకి పాప చేతిలో నిలవక, పైకి లేచి పక్కనున్న ఆయన వైపు తిరిగింది. పేపర్లో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఎవరి చేతికి ఏ ఆయుధం ఇవ్వచ్చో తేల్చాల్సింది ఇన్‌స్ట్రక్టరే. పిల్లకేం తెలుస్తుంది? మీ బ్యాచ్‌లోనూ సన్నగా ఉండే అమ్మాయిలు ఉంటారు. భుజానికి తుపాకి వెనక బట్ సరిగ్గా ఆనించారో లేదో చూడకుండా వరస రౌండ్ల బరస్ట్ కాల్పించకు.

మళ్లీ పాఠం మొదలెట్టానంటావు. అనుకో.

చెవులకు మఫ్స్ పెట్టుకుంటున్నావా? ట్రైనింగ్ పిల్లల మాట వినపడదని తీసేస్తావు, నాకు తెలుసు. నా ఎడమ చెవి సంగతి చూస్తున్నావుగా. రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులూ మొహం కడుక్కో, ఆ తర్వాతే టిఫిన్. యూనిఫాం మార్చుకోకుండా బుజ్జిగాణ్ణి ఎత్తుకోకు. సీసం పొడి బట్టలకు అంటుకుని ఉంటుంది, పసిపిల్లలకు మంచిది కాదు. ఆ బట్టలు విడిగా ఉతికించు.

అమ్మ సున్నుండలు చేసింది, శనివారం బస్సు పార్సిల్‌లో వేస్తాను. డబ్బా మూతకు టేపు చుట్టాను, బుజ్జిగాడికి చిదిమి పెట్టు. ఎంక్వైరీలో ఏమి అడిగినా జరిగింది జరిగినట్టు చెప్పు. నన్ను రమ్మంటే వస్తాను, బయట కూర్చుంటాను. అమ్మ సాయంత్రం ఆరున్నరకు గుడికి వెళ్తుంది, ఏడున్నర దాకా రాదు. ఆ గంటలో ఫోన్ చెయ్యి, నేనే ఎత్తుతాను.

మీ నాన్న