డీవీడీ ర్యాక్ తీసేస్తున్నా, ఇవి మాత్రం అమ్మడానికి కాదు

అందరికీ నమస్కారం. విశాఖ అక్కయ్యపాలెంలో మన షాపుకొచ్చే వాళ్ళకి ఒక విషయం చెప్పాలి. కొందరికి ఇప్పటికే తెలిసిపోయింది, కార్పెంటర్ వచ్చి టేపు పెట్టి గోడ కొలుస్తుంటే జెరాక్స్ కోసం నిలబడ్డవాళ్ళు "ఏటి గురూ, షాపు ఎత్తేస్తన్నావా" అని అడిగేశారు. షాపు ఎక్కడికీ పోవట్లేదు. లోపలి గోడకున్న డీవీడీల ర్యాక్ తీసేస్తున్నా, అంతే. ఆ జాగాలో పెద్ద కలర్ ప్రింటర్ ఒకటి, లామినేషన్ మిషను ఒకటి పెడుతున్నా.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఆ ర్యాక్ మీద రూపాయి కళ్ళజూసి చాలా ఏళ్ళయింది. ఈ షాపు అద్దె కడుతున్నవి జెరాక్సులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, హాల్ టికెట్లు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు. పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మొదట్లో ఇది డిస్కులు అద్దెకిచ్చే సినిమాల షాపే, జెరాక్స్ మిషను ఓ మూల ఉండేది. శనివారం సాయంత్రమైతే కౌంటర్ దగ్గర నిలబడ్డానికి చోటుండేది కాదు, స్టీల్ ప్లాంట్ షిఫ్టు దిగొచ్చినవాళ్ళు, డాక్‌యార్డు వాళ్ళు, యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు, ఆదివారానికని రెండేసి మూడేసి డిస్కులు పట్టుకుపోయేవాళ్ళు. 2016 చివరికొచ్చేసరికి ఫోన్లో డేటా చవకైపోయింది, అదే ఏడాది నెట్‌ఫ్లిక్సూ ప్రైమ్ వీడియో కూడా ఇండియాకొచ్చాయి, ఇంక డిస్కు కోసం ఎండలో బండేసుకుని ఎవరొస్తారు? నాకు దాని మీద ఏడుపేం లేదు, నేనూ రాత్రిపూట ఫోన్లోనే చూస్తున్నా.

ర్యాక్‌లో ఉన్నవి అమ్మేస్తున్నా, కొన్ని తప్ప. ఆ కొన్ని ఏంటని ఎలాగూ అడుగుతారు, అందుకే 2010 నుంచి 2019 దాకా నాకు నచ్చిన సినిమాల సంగతి ఇక్కడే రాసేస్తున్నా. నంబర్లు వెయ్యను. ఇది కౌంటర్ వెనక కూర్చున్నవాడి లిస్టు. కలెక్షన్లు, రికార్డులు నాకు పట్టవు, నాకు తెలిసిన లెక్క ఒకటే. డిస్కు టైముకి తిరిగొచ్చేస్తే సినిమా మామూలు సినిమా. ఫోన్ చేస్తే "ఇంకొక్క రోజండీ, మా అత్తగారు చూడాలంటున్నారు" అని బతిమాలితే అది ఇంటిల్లిపాదికీ ఎక్కిన సినిమా.

ఆ లెక్కన ముందుగా చెప్పాల్సింది 'ఖలేజా'. 2010 అక్టోబరులో వచ్చింది, థియేటర్లో జనం పెదవి విరిచేశారు, మహేష్ బాబు ట్యాక్సీ డ్రైవరేంటి, ఊరివాళ్ళంతా ఆయన్ని దేవుడనడమేంటి అని. అదే సినిమా డిస్కు నా షెల్ఫ్ మీద నిలిచేది కాదు. ఒకడు తెచ్చిచ్చే లోపు ఇంకోడు చెయ్యి చాపి ఉండేవాడు. త్రివిక్రమ్ డైలాగులు ఒక్కసారికి అందవు, సోఫాలో కూర్చుని వెనక్కి తిప్పుకుంటూ చూడాల్సిన సినిమా అది, థియేటర్లో రిమోట్ ఉండదు కదా. 2025లో మళ్ళీ రిలీజ్ చేస్తే హాల్లో ఎగిరి గంతులేసిన కుర్రాళ్ళలో సగం మంది మొదటిసారి వచ్చినప్పుడు పలకాబలపం వయసు వాళ్ళే. ఈ డిస్కు అమ్మను.

అదే ఏడాది 'ప్రస్థానం', 'వేదం' కూడా వచ్చాయి, 2010 అంటే అంత మంచి ఏడాది. 'ప్రస్థానం'లో సాయికుమార్ గారి కోసం ఒక్కటి చెప్తా, అప్పటిదాకా ఆయన గొంతే మనకి తెలుసు, ఆ సినిమాలో ఆ గొంతు తగ్గించి మాట్లాడిన చోట్లే భయమేస్తుంది. 'వేదం'లో అందరూ అల్లు అర్జున్ వేసిన కేబుల్ రాజు గురించి మాట్లాడతారు గానీ నాకు సిరిసిల్ల నుంచి వచ్చిన చేనేత ముసలాయన రాములే ముందు గుర్తొస్తాడు, నాగయ్య గారు వేశారు ఆ వేషం. అప్పు తీర్చడానికి కిడ్నీ అమ్ముకోడానికి పట్నం వచ్చిన కుటుంబం, ఆ డబ్బుని కొట్టేసి మళ్ళీ తెచ్చిచ్చేసే ఆ కేబుల్ రాజు. దొంగతనం చేసినవాడి మొహంలో సిగ్గుని అంతసేపు చూపించిన పెద్ద హీరో సినిమా నాకింకోటి గుర్తు రావట్లేదు.

'ఈగ' సంగతికొస్తే, అది 2012 జూలైలో జగదాంబ థియేటర్లో చూశా. హీరో ఇంటర్వెల్ దాకా కూడా బతకడు, ఈగ మాట్లాడదు, అయినా హాలు మొత్తం ఈగ పక్షమే. అందరూ గ్రాఫిక్సు గ్రాఫిక్సు అంటారు, దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది, కాదనను. కానీ నా ఓటు విలన్ వేసిన సుదీప్‌కి. ఎదురుగా ఏమీ లేకుండా ఉత్త గాలిని చూసి అంత ఉలిక్కిపడ్డం ఎవరివల్ల అవుద్ది చెప్పండి. ఈ డిస్కుకి గీతలు పడిపడి మధ్యలో ఆగిపోతుంది, పిల్లలున్న ఇళ్ళకి తిరిగి తిరిగి అలా అయింది, ప్లే అవ్వకపోయినా ఉంచేసుకుంటా.

'మిథునం' కూడా 2012దే, డిసెంబరు. శ్రీరమణ గారి కథ, తనికెళ్ళ భరణి గారు తీశారు, తెర మీద మొత్తం ఇద్దరే, బాలు గారూ లక్ష్మి గారూ. దీన్ని కుర్రాళ్ళెవరూ అడిగేవాళ్ళు కాదు. సీతమ్మధార వైపు నుంచి రిటైరైన మాస్టార్లు, బ్యాంకు వాళ్ళు అడిగేవాళ్ళు, కొందరైతే కొనుక్కుని అమెరికాలో ఉన్న పిల్లలకి పంపేవాళ్ళు. ఎందుకు పంపుతున్నారో సినిమా చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నాకు మాత్రం ఆ తిండి యావ కోసం ఇష్టం, పెరట్లో కాసినదాన్ని కోసుకొచ్చి వండుకుని అంత తృప్తిగా తినే మొగుడూ పెళ్ళాలు సినిమాల్లో కనబడరు. 2020 సెప్టెంబరులో బాలు గారు పోయాక దీని కోసం చాలామంది వచ్చారు, అప్పుడే అమ్మలేదు, ఇప్పుడేం అమ్ముతా.

'మనం' గురించి రాస్తే హుద్‌హుద్ తుఫాను గురించి కూడా రాయాలి. సినిమా 2014 మేలో వచ్చింది, నాగేశ్వరరావు గారు జనవరిలోనే వెళ్ళిపోయారు, అదే ఆయన ఆఖరి సినిమా. తనకంటే చిన్నవాళ్ళైన అమ్మానాన్నల్ని వెతుక్కునే కొడుకు కథ. చెప్తే గందరగోళంగా ఉంటుంది, చూస్తుంటే ఎక్కడా తికమక ఉండదు, విక్రమ్ కుమార్ గొప్పతనం అదే. తర్వాత అక్టోబరు 12న తుఫాను. చెట్లూ స్తంభాలూ పడిపోయి ఊరెలా అయిపోయిందో మనందరం చూసినవాళ్ళమే. కరెంటు ముందొచ్చింది, కేబుల్ వైర్లు వీధివీధికీ తెగిపోయి ఉన్నాయి, టీవీ ఉంది, అందులో ఏమీ రాదు. ఆ మధ్య రోజుల్లో ఈ షాపుకి అంతకుముందెప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు, ఎక్కువమంది అడిగింది 'మనం'. ఇంటి పైకప్పు రేకులు ఎగిరిపోయిన ఒకాయన కూడా అదే పట్టుకెళ్ళాడు, పిల్లలు ఏడవకుండా ఉంటారండీ అని. నేను రెంటు తీసుకోలేదని గొప్పలు చెప్పను, తీసుకున్నా, నా షట్టరు కూడా వంగిపోయింది మరి.

అమ్మకుండా ఉంచుకునే డిస్కులు ఇంతటితో దాదాపు అయిపోయాయి. దశాబ్దం రెండో సగంలో నాకు నచ్చినవి చాలావరకు ఈ ర్యాక్ మీదకి రానేలేదు, అప్పటికి నేను కొత్త డిస్కులు తేవడం మానేశా, టికెట్ కొనుక్కుని చూసినవే.

'పెళ్ళిచూపులు' 2016. పనీపాటా లేదని ఇంట్లో తిట్లు తినే కుర్రాడికి వంట వచ్చు, అమ్మాయికి బిజినెస్ బుర్ర ఉంది, ఇద్దరూ కలిసి ఫుడ్ ట్రక్కు పెడతారు. చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ళందరికీ చూపించాల్సిన సినిమా. ఫైట్లు లేవు, ఊగిపోవడాలు లేవు, పక్కింట్లో మాటలు వినబడినట్టుంటుంది.

'ఘాజీ' 2017 ఫిబ్రవరిది. 1971 డిసెంబరులో మన సముద్రంలోనే మునిగిపోయిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ కథ, సినిమాకి కావాల్సినంత కల్పించుకున్నారనుకోండి. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం లోపలికి వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది, మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత ఇరుకు, ఆ పైపులూ మీటర్లూ. చుట్టాలొచ్చినప్పుడల్లా తిప్పి తిప్పి మనకి విసుగొచ్చేసిన చోటది. ఈ సినిమా చూశాక మళ్ళీ వెళ్తే లోపల మాట్లాడబుద్ధి కాలేదు.

ఇంక 'కేరాఫ్ కంచరపాలెం'. 2018 సెప్టెంబరు. కంచరపాలెం మనకి కూతవేటు దూరం, అందుకే పొగుడుతున్నాననుకునేవాళ్ళు అనుకోండి. వెంకటేష్ మహా మొదటి సినిమా, నిర్మాత పరుచూరి ప్రవీణ గారు అమెరికాలో డాక్టరు, సినిమాలో సలీమా వేషం కూడా ఆవిడే వేశారు. మిగతావాళ్ళు చాలామంది ఆ ఊరివాళ్ళే, అంతకుముందు కెమెరా ముందు నిలబడ్డవాళ్ళు కాదు. పెళ్ళికాకుండా యాభైకి దగ్గరపడ్డ అటెండరు రాజు, ఒడిశా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరమ్మ రాధ, వైన్ షాపులో పనిచేసే గడ్డం అనే అతను, బడిపిల్లాడు సుందరం, ఇలా నాలుగు ప్రేమకథలు. చివర్లో ఎక్కడ ముడిపడతాయో చెప్పను, ఇంకా చూడనివాళ్ళున్నారు, వాళ్ళ పాపం నాకెందుకు.

నాకు కడుపు నిండింది మాత్రం భాష దగ్గర. ఇన్నాళ్ళూ ఉత్తరాంధ్ర యాస అంటే సినిమాల్లో పనివాడికో కమెడియన్‌కో ఇచ్చేవారు, జనం నవ్వుకోడానికి. ఇందులో అదే యాసలో ప్రేమిస్తారు, అదే యాసలో దేవుణ్ణి నిలదీస్తారు, హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఉత్త నిశ్శబ్దం అని కూడా కాదు, తెర మీద తెలిసిన మొహం కనబడగానే నా వెనక వరసలోవాళ్ళు పేరు పెట్టి అరిచారు, "ఒరే మన వీధిరా అది" అని ఒకటే గోల. దశాబ్దం మొత్తమ్మీద ఒక్కటే ఉంచుకో అంటే నేనిదే చెప్తా, డిస్కు లేకపోయినా సరే.

'మహానటి', 'రంగస్థలం' గురించి అందరూ రాసేశారు, నేనూ వాళ్ళతోనే. 'జెర్సీ'లో రైల్వే స్టేషన్లో నాని అరిచే సీను ఒక్కటి చాలు, ఎక్కువ మాట్లాడితే పాడవుద్ది. 2019లోనే 'మజిలీ' కూడా వచ్చింది, ఊరు మనదే, బాగానే ఉంటుంది, నా లిస్టులో లేదు, అక్కడితో వదిలేయండి.

'బాహుబలి' ఏదని అడుగుతారు, తెలుసు. రెండు భాగాలూ థియేటర్లో ఈలలేసి చూశా. కానీ ఇంటికొచ్చి చిన్న టీవీలో పెట్టుకుంటే ఆ జలపాతం కుళాయి కింద బిందె పెట్టినట్టుంది, నాకు మళ్ళీ చూడాలనిపించలేదు. ఆ డిస్కులు అమ్మకానికే ఉన్నాయి, మీ ఇంట్లో పెద్ద టీవీ ఉంటే పట్టుకుపోండి.

రేట్ల సంగతి. డిస్కు ఏదైనా 20 రూపాయలు, మూడు తీసుకుంటే 50. ఇక్కడే ప్లేయర్లో వేసి చూపిస్తా, గీతలు పడ్డవి ఊరికే ఇచ్చేస్తా. ప్లేయర్ మాత్రం అమ్మను, నాకు కావాలి. అప్పట్లో మెంబర్‌షిప్ డిపాజిట్ కట్టి మళ్ళీ రానివాళ్ళు చాలామంది ఉన్నారు, పుస్తకంలో పేర్లన్నీ ఉన్నాయి, కార్డు పోయినా పర్లేదు, పేరూ అప్పటి ఫోన్ నంబరూ చెప్తే డబ్బులిచ్చేస్తా, కట్టినవాళ్ళు ఇప్పుడు లేకపోతే ఇంట్లోవాళ్ళు ఎవరైనా రావచ్చు. డిస్కులు తిరిగివ్వనివాళ్ళు కూడా మొహం చాటెయ్యక్కర్లేదు, అవి మీవే, లేటు ఫీజు రాసి ఉన్న పేజీలు చించేశా.

బ్లాక్ అండ్ వైట్ జెరాక్స్ రేటు మార్చట్లేదు. కలర్ ప్రింటు మాత్రం కొత్త మిషను వచ్చాక 10 రూపాయలవుతుంది, దాని ఇంకు రేటు చూస్తే మీరే పాపం అంటారు. అప్లికేషన్లకి ఆఖరి తేదీ దగ్గర పడినవాళ్ళు శుక్రవారం రాత్రి లోపు వచ్చేయండి. శని, ఆదివారాలు కార్పెంటర్ పని ఉంటుంది, సిస్టములన్నీ కట్టేసి గుడ్డ కప్పేస్తా, ప్రింట్లు అవ్వవు. డీవీడీలు కావాల్సినవాళ్ళు మాత్రం ఆ రెండ్రోజులూ రావచ్చు, అట్టపెట్టెల్లో సర్ది గుమ్మం దగ్గరే పెడతా.