అంబాసిడర్ మేస్త్రీల చేతిపనిని తెలుగులో రాసిపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

నేను ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లో ఉన్న డిడ్‌కాట్ అనే ఊళ్లో ఉంటున్నాను. పుట్టి పెరిగింది విజయవాడ పటమటలో. మా నాన్న జవహర్ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా అంబాసిడర్ కార్లు బాగుచేసే మేస్త్రీగా పనిచేశారు. ఇప్పుడు ఆయనకు 84 ఏళ్లు. ఆయన గురించి, ఆయనలాంటి వాళ్ల గురించి మీకు ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం.

మూడేళ్ల కిందట 1957లో తయారైన ఎంజీఏ అనే పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. రెండే సీట్లు, మడిచేసుకునే టాపు. ఈ కార్లను మా ఊరి పక్కనే అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1955 నుంచి 1962 దాకా లక్షకు పైగా తయారు చేశారు. ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. నేను కొన్న కారు వెనక నుంచి నీలం పొగ వదిలేది. ఇంజిన్ వేడెక్కితే ఆయిల్ ప్రెషర్ పడిపోయేది. ఇంజిన్ దింపి బోరు చేయించక (అరిగిన సిలిండర్లను తొలిచి నున్నగా చేయించక) తప్పదని అర్థమైంది. ఇక్కడి షాపులు అడిగిన డబ్బు నా వల్ల కాదు. ఇంటి గ్యారేజీలోనే చేద్దామని నిర్ణయించుకుని, బానెట్ ఎత్తి ఫోటో తీసి నాన్నకు పంపాను.

"ఇది మన అంబాసిడర్ ఇంజినే కదరా" అన్నారు.

నిజమే. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బీ సిరీస్ ఇంజిన్ అది. 1489 సీసీ, నాలుగు సిలిండర్లు, మూడు మెయిన్ బేరింగులు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో తయారైన అంబాసిడర్‌కు 1959 నుంచి పెట్టింది ఈ కుటుంబం ఇంజినే. స్పోర్ట్స్ కారుకు రెండు కార్బురేటర్లు పెట్టి బలం పెంచారు, మన టాక్సీకి ఒక్కటే ఇచ్చారు. లోపల ఎముకలు మాత్రం ఒకటే. నా చిన్నప్పుడు కిరోసిన్ తొట్టిలో నేను బ్రష్షుతో రుద్దిన రాకర్లు, పుష్ రాడ్లు అరవై దాటాక మళ్లీ నా చేతికి వచ్చాయి.

ఇంజిన్ దింపడానికి రెండు శనివారాలు పట్టింది. ముందు రేడియేటర్ తీశాను. ఎంజీఏలో కాళ్ల కింద పరిచినవి ప్లైవుడ్ పలకలు. వాటినీ, గేర్‌బాక్సు మీద కప్పిన రేకునూ విప్పితేనే అడుగు బోల్టులు అందుతాయి. అద్దెకు తెచ్చిన చిన్న క్రేన్‌తో ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ కలిపే ఎత్తాను. ముందు భాగం బాగా పైకి లేపి, వెనక భాగం కిందకు వంచి, అంగుళం అంగుళం బయటకు తీయాలి. మా ఆవిడ ఒక చేత్తో గేర్‌బాక్సు తోకను పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ పట్టుకుని నాన్నకు వీడియో చూపిస్తూనే ఉంది. "గొలుసు కింద నిలబడొద్దు, గొలుసు కింద నిలబడొద్దు" అని ఆయన అరుస్తూనే ఉన్నారు.

నేను ఇంగ్లీషు మాన్యువల్ కొనుక్కున్నాను, చదివాను కూడా. అయినా చాలా చోట్ల నన్ను కాపాడింది నాన్న మాటే. ఈ ఇంజిన్‌లో పిస్టన్‌నూ కనెక్టింగ్ రాడ్డునూ కలిపే పిన్నును ఆ రాడ్డు పై చెవి ఒక చిన్న బోల్టుతో బిగించి పట్టుకుంటుంది. ఆ బోల్టు విప్పడానికి నేను రాడ్డును వైసులో (బల్లకు బిగించిన ఇనుప పట్టులో) బిగించబోతుంటే నాన్న ఆపారు. అలా చేస్తే రాడ్డు మెలి తిరుగుతుంది, కంటికి కనబడదు, తర్వాత సిలిండర్ ఒక పక్క అరిగిపోతుంది. పిన్ను రెండు చివర్లా ప్లగ్గులు పెట్టి పిన్నునే వైసులో పట్టాలట. తర్వాత చూస్తే మాన్యువల్‌లోనూ అదే ఉంది. నేను ఆ పేజీ దాటేశాను.

బ్లాకును బోరు చేయించి 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజు పిస్టన్లు వేయించాను. క్రాంకును, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసును, 20 థౌకి గ్రైండ్ చేశారు. సీసం లేని పెట్రోలుకు తట్టుకునేలా హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల కింద గట్టి సీట్లు పెట్టించాను. బ్లాకును శుభ్రంగా కడిగామని షాపు వాళ్లు చెప్పారు. నాన్న ఒప్పుకోలేదు. "ఆయిల్ దారుల చివర ప్లగ్గులు ఊడదీసి నువ్వే కడుగు. బ్రష్షు పెట్టు" అన్నారు. నాకు విసుగు వచ్చింది కానీ చేశాను. మెయిన్ ఆయిల్ దారిలోంచి చిటికెడు ఇనుప రజను వచ్చింది. అది అలాగే ఉండి ఉంటే కొత్త బేరింగులు మొదటి గంటలోనే గీతలు పడేవి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆయిల్ కారడం గురించి కూడా ఆయనే చెప్పారు. ఈ ఇంజిన్‌లో క్రాంకు వెనక రబ్బరు సీలు ఉండదు, ఆయిల్‌ను లోపలికి తిప్పికొట్టే స్క్రూ మరలాంటి గాడి ఒక్కటే ఉంటుంది. రింగులు అరిగి గానీ, గాలి పోయే గొట్టం మూసుకుపోయి గానీ లోపల ఒత్తిడి పెరిగితే ఆయిల్ అక్కడి నుంచే బయటికొస్తుంది. సీలు వెతక్కుండా ముందు ఆ గొట్టం చూడమన్నారు. ఎన్ని వేల అంబాసిడర్లు చూస్తే ఆ మాట అంత తేలిగ్గా వస్తుంది!

స్టార్ట్ చేసిన రోజు స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ప్రెషర్ గేజీలో ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో ఇంజిన్‌ను తిప్పాను. తర్వాత ప్లగ్గులు బిగించి స్టార్టర్ గుబ్బ లాగాను. మూడోసారికి అందుకుంది. కొత్తగా వేసిన క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) కుదురుకోవాలని ఇరవై నిమిషాలు రెండు వేల ఆర్‌పీఎం దగ్గర ఉంచాను. ఫోన్‌లో నాన్న కళ్లు మూసుకుని విన్నారు. "ఒక టాపెట్ వదులుగా ఉంది. చల్లారనివ్వకు, వేడి మీదే చూడు" అన్నారు. వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య మాన్యువల్ చెప్పే గ్యాపు 17 థౌ. ఒక వాల్వు దగ్గర 21 ఉంది. ఐదు వేల మైళ్ల దూరం నుంచి, ఫోన్ స్పీకర్‌లో విని చెప్పిన మాట అది.

సార్, ఈ జ్ఞానం తెలుగులో ఎక్కడా రాసి ఉన్నట్టు నాకు తెలియదు. ఇక్కడ ఎంజీఏ గురించి అరలకు అరలు పుస్తకాలు దొరుకుతాయి. అదే ఇంజిన్‌ను మండుటెండలో, పార్టులు దొరకని రోజుల్లో, అరిగిన దాన్నే బాగుచేసి నడిపించిన మన మేస్త్రీల పని మీద తెలుగులో నాలుగు పేజీలు కూడా నాకు కనబడలేదు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. నాన్నతో పనిచేసిన వాళ్లలో ఇద్దరే మిగిలారు. వాళ్లు వాడిన మాటలు కూడా వాళ్లతోనే పోతున్నాయి. గాస్కెట్‌ను పాకింగ్ అనడం, వాల్వును సీటు మీద అరగదీసే లెక్క, బేరింగ్ ఎంత బిగువుందో చేత్తో క్రాంకు తిప్పి చెప్పడం, ఇవన్నీ ఎవరు రాస్తారు?

మీ విజయవాడ విలేకరుల్లో ఒకరిని ఆటోనగర్‌కు పంపి, పాత మేస్త్రీలతో మాట్లాడించి, వారానికి ఒక పని చొప్పున అచ్చు వేయమని అడుగుతున్నాను. హెడ్ దింపడం ఒక వారం, క్లచ్ ఒక వారం. ఫోటోలతో వేస్తే ఐటీఐ పిల్లలు కత్తిరించి దాచుకుంటారు. నా దగ్గరున్న వీడియోలు, కొలతలు అన్నీ ఇస్తాను. నాన్న సిద్ధంగా ఉన్నారు. ఉదయం టిఫిన్ అయ్యాక, ఎండ ఎక్కకముందు వస్తే బాగా మాట్లాడతారు. ఎడమ చెవి సరిగా వినబడదు, కుడివైపు కూర్చుని అడగమని చెప్పండి.

ఇట్లు,
పటమట పాఠకుడు,
డిడ్‌కాట్, ఇంగ్లాండు