కోతులు చచ్చేదాకా ఆగొద్దు, మంత్రిగారూ

కేంద్ర ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది అనంతపురం జిల్లా. ఉద్యోగరీత్యా కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా సాగరకు వచ్చి పదేళ్లు దాటింది. ఇక్కడ డిసెంబర్ వచ్చిందంటే వక్కతోటల వాళ్లకు టెన్షన్ మొదలు. ఎక్కడైనా కోతి చచ్చి పడిందా అన్నదే పొద్దున్నే మొదటి వాకబు. వీళ్లు ‘మంగన కాయిలె’ అంటారు, అంటే కోతి జబ్బు. కాగితాల మీద క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్.

పేరు కోతిది గానీ, కరిచేది పిడుదు. మన గేదెల చెవుల్లో వేలాడే బొద్దు పిడుదు కాదు, ఆవగింజంత కూడా లేని పిల్ల పిడుదు. పోయిన చలికాలం మా పక్కింటావిడ తోటలో ఆరోగ్యశాఖ కుర్రాళ్లు ఎండుటాకుల మీద తెల్లగుడ్డ ఈడ్చి ఎత్తి చూపించారు. మిరియాల పొడి చల్లినట్టుంది. చూస్తుండగానే ఆ పొడి నడవడం మొదలుపెట్టింది.

1957లో సొరబ తాలూకా క్యాసనూర్ అడవిలో ఈ వైరస్ బయటపడ్డప్పుడు, అది రష్యాలోని పిడుదుల వైరస్‌కు దగ్గరి చుట్టంలా కనిపించింది. దాంతో సైబీరియా వలస పక్షుల మీద అనుమానం. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ బృందం పక్షులను పట్టి, కాళ్లకు రింగులు తొడిగి, ఒంటిమీది పిడుదులు ఏరింది. అవే తెచ్చాయనడానికి రుజువు దొరకలేదు. అలాగని పక్షులకు సంబంధమే లేదనలేం. నేలమీద గింజలేరుకునే అడవికోడి పిల్ల పిడుదులను మోస్తుంది. అడవిలో మేసే ఆవులు పెద్ద పిడుదులను రక్తంతో మేపుతాయి. ఎలుకలు సరేసరి. 2012 తరవాత ఈ జబ్బు బందీపూర్, వయనాడ్, గోవా, సింధుదుర్గ్ దాకా పాకింది. ఎవరి ఒంటిమీద ప్రయాణం చేసిందో మళ్లీ ఏరి చూడాలి కదా!

పాత టీకా సరిగా పనిచేయట్లేదని 2022లో ఆపేశారు. కొత్తది హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌తో కలిసి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారుచేయిస్తోంది. మా తెలుగు ఊరి కంపెనీ అని నాకు కాస్త గర్వం కూడా. అందాకా మాకున్నది పిడుదులు అంటకుండా ఒంటికి రాసుకునే నూనె. చెమటకు కారిపోతోందని కూలీలు గొణుగుతూనే రాసుకుంటారు. జబ్బు పడితే దానికంటూ ప్రత్యేకమైన మందు లేదు. నూటికి ముగ్గురి నుంచి ఐదుగురు పోతున్నారు.

టీకా ఏ దశలో ఉందో కన్నడంలో ఊరూరా చెప్పించండి. పిడుదుల పరీక్ష కోతి చచ్చాక కాకుండా నవంబర్‌లోనే, ఆవులు, అడవికోళ్లతో సహా మొదలుపెట్టించండి. ఫలితం పంచాయతీ గోడకు అంటించండి. మా పక్కింటావిడ కొట్టంలో పరవడానికి ఎండుటాకుల కోసం రోజూ అడవికి వెళ్తుంది. ఏ వైపు వెళ్లకూడదో ఆవిడకు ముందే తెలియాలి.

ఇట్లు,
సాగర నుంచి ఒక తెలుగువాడు