ఆ ఎల్పీలు ఎవరికీ ఇవ్వకురా

విజయవాడ,
ఆదివారం పొద్దున్న.

బావా,

నీ ఉత్తరం గురువారం అందింది. ఇక్కడ అందరం కులాసా. అమ్మకి మోకాలి నొప్పి కొంచెం తగ్గింది, నువ్వెప్పుడొస్తావని రెండుసార్లు అడిగింది. మిగతా ఇంటి కబుర్లు ఇంకో ఉత్తరంలో రాస్తాను. మూడో పేజీలో ఏదో మామూలు సంగతిలాగా ఒక మాట రాశావే, ముందు దాని గురించి మాట్లాడాలి. "సినిమాల పూర్తి నేపథ్య సంగీతంతో సీడీ సెట్లు వచ్చేశాయి కదా, పాత సౌండ్‌ట్రాక్ ఎల్పీలన్నీ, అదే ఆ సినిమా సంగీతం గ్రామఫోన్ రికార్డులన్నీ, అట్టపెట్టెలో సర్దేశాను, ఎవరైనా అడిగితే ఇచ్చేస్తా" అన్నావు. అది చదివిన దగ్గర్నుంచి నాకు మనసు కుదురుగా లేదు. ఇవ్వకురా. కనీసం ఈ ఉత్తరం చదవడం అయ్యేదాకా ఆగు.

నీ లెక్క నాకు తెలుసు. స్టార్ వార్స్ సినిమా కోసం స్వరకర్త జాన్ విలియమ్స్ రాసింది దాదాపు 88 నిమిషాల సంగీతం. 1977లో వచ్చిన డబుల్ ఎల్పీలో అందులోంచి 75 నిమిషాల దాకా వేశారు. 1997లో వచ్చిన రెండు సీడీల సెట్టులో ఆ మిగిలిందీ చేరింది, పైగా కథ నడిచిన వరుసలోనే ఉంది. పెద్దది చేతికొచ్చాక చిన్నది దేనికి అంటావు. ఆ సెట్టు కొన్న కొత్తలో నాకూ అలాగే అనిపించింది. ఆరునెలలు ఎల్పీ ముట్టుకోలేదు. తర్వాత ఒక వానాకాలం సాయంత్రం, ఏం పెట్టాలో తోచక రెండో సైడు పెట్టాను. సూది దిగగానే లేచి కూర్చున్నాను.

నీకు గుర్తుందా, ఆ రెండో సైడు మొదలయ్యేదే ముసలి యోధుడు బెన్ చనిపోయే ఘట్టంతో. దాన్ని ఆనుకునే టై ఫైటర్లనే శత్రువుల అంతరిక్ష యుద్ధవిమానాల దాడి. సినిమాలో అంతకు చాలా ముందే వచ్చే ఎడారి మనుషుల సంగీతం మాత్రం మూడో సైడుకి వెళ్ళిపోయింది. కథ ప్రకారం చూస్తే తలకిందులు. కానీ ఆ వరుస ఏ గుమాస్తా పెట్టిందో కాదు, విలియమ్స్ తానే ఏరి, తానే పేర్చుకున్నాడు. దాడి హోరు అయిపోగానే "ద లిటిల్ పీపుల్ వర్క్" వస్తుంది. జావాలనే ఆ చిన్న చిన్న ఎడారి జీవుల కోసం ఊదిన వాద్యాలు, బరువైన మాట తర్వాత చిన్నపిల్ల నవ్వినట్టుంటాయి. మళ్ళీ రాకుమారిని విడిపించే హడావుడి. చివరికి ఆ కల్లుపాకలాంటి చోట మోగే జాజ్ బ్యాండుతో సైడు అయిపోతుంది. పెళ్లి భోజనంలో వడ్డన తెలిసినవాడు బూరె ఎప్పుడు వెయ్యాలో, పులిహోర తర్వాత ఏం రావాలో చూసుకుని వడ్డిస్తాడు. వంటింట్లో ఏ గిన్నె ముందు పొయ్యి దిగిందో విస్తరి ముందున్నవాడికి అక్కర్లేదు. ఆ రెండో సైడులో నాకు వడ్డించినవాడి చెయ్యి కనిపిస్తుంది.

మొదటి సైడు మొదటి ట్రాకే తీసుకో. సినిమాలో ఆ గొప్ప టైటిల్ సంగీతం, అక్షరాలు పైకి వెళ్ళిపోగానే నక్షత్రాల నిశ్శబ్దంలోకి జారిపోతుంది. అక్కణ్ణుంచి అంతరిక్ష ఓడల వేట మొదలు. ఎల్పీలో అలా కాదు. చివరి టైటిల్స్ కోసం రాసిన సంగీతాన్ని దానికి కలిపి, అయిదు నిమిషాల పైచిలుకు సొంతంగా నిలబడే ఒక రచన చేశాడు. ఎక్కడైనా కచేరీలో వాయించుకోవచ్చు. సీడీ సెట్టులో నువ్వు వినేది సినిమాకి కావలసినది, ఎల్పీలో వినేది మనిషి కూర్చుని వినడానికి కావలసినది.

అలాగని ఆ సెట్టును నేను తక్కువ చెయ్యను. మొదటి సీడీ ఆఖరి ట్రాకులో, కాస్త నిశ్శబ్దం తర్వాత, మెయిన్ టైటిల్ టేకులు వరుసగా వినిపిస్తాయే, అవి విన్న రోజు రాత్రి చాలాసేపు మేలుకునే ఉన్నాను. 1977 మార్చిలో, లండన్ దగ్గర డెన్హమ్ స్టూడియోలో, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా ఆ రాగాన్ని ఇంకా వెతుక్కుంటూ వాయిస్తోంది. ప్రపంచమంతా తర్వాత నోటితో పాడుకోబోయే ముక్క అప్పటికి వాళ్ళకి ఇంకా పట్టుబడలేదు. అలాంటిది ఎల్పీ ఇవ్వలేదు.

సొర చేప సినిమా జాస్ సంగతి ఇంకా స్పష్టం. సొర చేప వస్తోందంటే రెండు స్వరాలు, ఆ రెండే, దగ్గరికొచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది. (పిల్లలిద్దరూ అట్టముక్క రెక్క పెట్టుకుని జనాన్ని భయపెట్టే చోట ఆ స్వరాలు మోగవు. సంగీతం అబద్ధం చెప్పదని చూసేవాడికి తెలియకుండానే నేర్పేశారు. నాకు అది ఇప్పటికీ ఆశ్చర్యమే.) 1975లో వచ్చిన ఎల్పీ కోసం విలియమ్స్ ఆ సంగీతాన్ని మళ్ళీ కొత్తగా రికార్డు చేశాడు. ఎందుకంటే సినిమాలో సంగీతం ముక్కలు (క్యూలంటారు) సీను పొడుగుని బట్టి ఉంటాయి. నలభై సెకన్లు మోగి, ఎవరో మాట్లాడగానే ఆగిపోతాయి. వాటిని కలిపి, సాగదీసి, ముగింపులు రాసి, ముప్పై అయిదు నిమిషాల ఎల్పీ చేశాడు. సినిమాలో మోగిన అసలు రికార్డింగు బయటికి రావడానికి 2000 దాకా పట్టింది. 2015లో ఇంట్రాడా కంపెనీ వాళ్ళు రెండు సీడీలు వేశారు. ఒకదాంట్లో సినిమా సంగీతం, రెండోదాంట్లో 1975 ఎల్పీ ఉన్నదున్నట్టు. ఈ సెట్లు తయారుచేసేవాళ్ళు మనకంటే ఎక్కువ విన్నవాళ్ళు కదా, పాత ఆల్బమ్‌ని పక్కన పారెయ్యకుండా ఎందుకు దానికంటూ ఒక సీడీ కేటాయించారో ఆలోచించు.

అంతరిక్షంలో భయపెట్టే ఆ సినిమా, ఏలియన్, గుర్తుకొస్తే నాకు మనసు కలుక్కుమంటుంది. స్వరకర్త జెర్రీ గోల్డ్‌స్మిత్ మొదటి టైటిల్స్‌కి ఎంతో అందమైన, విశాలమైన రాగం రాశాడు. దర్శకుడు రిడ్లీ స్కాట్‌కి నచ్చలేదు. సరేనని ఇంకోటి, ఎముకలు కొరికే చలిలాంటిది రాసిచ్చాడు. సినిమాలో ఉన్నది అదే. అంతటితో అయిపోలేదు. గోల్డ్‌స్మిత్ 1962లో వేరే సినిమాకి చేసిన సంగీతం ముక్కల్ని మధ్యలో అతికించారు. చివరి టైటిల్స్‌కి ఆయన రాసింది తీసేసి హవర్డ్ హాన్సన్ అనే ఇంకో స్వరకర్త రెండో సింఫనీ వేశారు. 1979 ఎల్పీలో మాత్రం ఆయన మొదట రాసిన టైటిల్, ఆయన రాసిన ముగింపు ఉన్నాయి. సినిమాలో చోటు దొరకని సంగీతానికి ఆ నల్లటి అట్టలో చోటు దొరికింది. 2007లో పూర్తి సెట్టు వచ్చేదాకా, ఇరవై ఎనిమిదేళ్ళు, గోల్డ్‌స్మిత్ ఆ సినిమాని ఎలా విన్నాడో చెప్పడానికి ఆ ఎల్పీ గొప్ప సాక్ష్యం. అలాంటిదాన్ని అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేస్తా అంటావేంటి?

నువ్వు రాసిన ఇంకో మాట మాత్రం నిజం. పాత ఆల్బమ్‌లన్నీ ప్రేమతో ఏరినవి కావు. అమెరికాలో వాయిద్యకారుల సంఘం నిబంధన ప్రకారం, సినిమా కోసం వాయించినదాన్ని రికార్డుగా అమ్మాలంటే వాళ్ళకి మళ్ళీ డబ్బు కట్టాలి. ఆల్బమ్ ఎంత పొడుగైతే ఖర్చు అంత. అందుకే 1980ల్లో, 90ల మొదట్లో చాలా సీడీలు ముప్పై నిమిషాలకే అయిపోయేవి. సీడీలో డెబ్భై నాలుగు నిమిషాలు పడుతుందని తెలిసీ సగం ఖాళీగా వదిలేశారు. టోటల్ రీకాల్ సినిమా సంగీతం మొదట 1990లో నలభై నిమిషాలే వచ్చింది. 2000లో పొడుగు వెర్షన్ వచ్చాక పాతదాన్ని నేనూ మళ్ళీ పెట్టలేదు. అలాంటివి ఇచ్చెయ్, నేనేం అనను. తర్వాత తక్కువ ప్రతులు, మూడు వేలో ఎంతో వేసుకుంటే సంఘం రేట్లు తగ్గించడం వల్లే కదా ఈ పూర్తి సెట్లన్నీ సాధ్యమయ్యాయి. ఆ మూడు వేల వల్ల నేను పడ్డ టెన్షన్ నీకు తెలుసు. జీతం వచ్చాక కొందామని పది రోజులు ఆగితే ఒక సెట్టు అయిపోయింది. తర్వాత మూడింతలు పెట్టి ఎవరి దగ్గరో కొన్నాను. వచ్చిన పెట్టెలో సీడీ డబ్బా నిలువునా పగిలి ఉంది. సీడీలకి ఏం కాలేదు, అదే పదివేలు.

పూర్తి సెట్టు అంటే నాకు అన్నిటికంటే ఇష్టమైనది స్టార్ ట్రెక్ మొదటి సినిమాది, 2012లో లా-లా ల్యాండ్ అనే రికార్డు కంపెనీ వాళ్ళు మూడు సీడీల్లో వేసింది. గోల్డ్‌స్మిత్ మొదట ఆ పెద్ద అంతరిక్ష ఓడని చూపించే సీనుకి అందంగానే రాశాడు, కానీ అందులో థీమ్ (ముఖ్య రాగం) లేదు. దర్శకుడు రాబర్ట్ వైజ్ వద్దన్నాడు. గోల్డ్‌స్మిత్ వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టి, ఇప్పుడు అందరికీ తెలిసిన ఆ థీమ్ రాశాడు. ఆ సెట్టులో వద్దన్నదీ ఉంది, తర్వాతదీ ఉంది. మొదటిది విను. అలలు, మెరుపులు, అన్నీ ఉంటాయి, పట్టుకుని పాడుకోవడానికి మాత్రం ఏమీ దొరకదు. తర్వాత రెండోది పెట్టు. ఆ థీమ్ లేచే చోట నాకు ప్రతిసారీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అంతటి స్వరకర్త కూడా కాదనిపించుకుని, చించేసి, మళ్ళీ కూర్చున్నాడని చెవులతో వినడం ఎంత గొప్ప సంగతిరా. 1979 ఎల్పీ ఆ కథ చెప్పలేదు. నేను రెండూ ఎందుకు ఉంచుకుంటానో ఇప్పుడైనా అర్థమైందా?

ఇక స్టార్ వార్స్ వరుసలో వచ్చిన మూడో సినిమా, రిటర్న్ ఆఫ్ ద జెడై. 1983లో ఒకే ఒక్క ఎల్పీ వేశారు, నలభై అయిదు నిమిషాలు. రెండు గంటల పైన సినిమా. తండ్రీ కొడుకుల ఆఖరి పోరులో కోరస్ పాడుతుందే, ఆ సంగీతమే అందులో లేదు. నాకు ఆ రోజుల్లో అది పెద్ద లోటు. కానీ 1997 సెట్టు తిరగేసి చూడు. అదే ఏడాది సినిమాని మార్చి విడుదల చేశారు కాబట్టి, చివర్లో ఇవోక్‌లనే అడవి జీవులు పాడుకునే పాత పాట తీసేసి కొత్త ముగింపు పెట్టారు. దొంగల నాయకుడు జబ్బా కొలువులో పాడే "లాప్టి నెక్" కూడా లేదు. ఆ రెండూ నీ ఎల్పీలో ఉన్నాయి. ఎక్కువ పొడుగున్న సెట్టులో అన్నీ ఉంటాయని అనుకుంటాం, ఉండవు. ఒకటి చేర్చినప్పుడు ఒకటి జారిపోతుంది.

ఇంత రాశాక అసలు సంగతి చెప్పాలి. మన సినిమాల వాళ్ళు ఆర్‌.ఆర్‌. అంటారే, ఆ రీరికార్డింగు మన చిన్నప్పుడు క్యాసెట్లలో ఎప్పుడైనా దొరికిందా? క్యాసెట్ అంటే పాటలు. మహా అయితే మాటలు, ముత్యాల ముగ్గు డైలాగుల రికార్డులు ఊరూరా మోగలేదూ, అలాగ. నేపథ్య సంగీతం ఎవరూ ఇవ్వలేదు. 1989లో గీతాంజలి వచ్చినప్పుడు మనం ఏం చేశామో గుర్తు తెచ్చుకో. మీ అన్నయ్య వీడియో క్యాసెట్ అద్దెకి తెస్తే, టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి, అందరినీ నోరు మూసుకోమని, ఇళయరాజా వయొలిన్లు మోగినప్పుడల్లా రికార్డు బటన్ నొక్కాం. మధ్యలో కుక్కర్ కూత వచ్చింది. అయినా ఆ క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నాం. పూర్తి సంగీతం కావాలని అప్పుడు మనం అడగలేదు. ఆయన తానే కూర్చుని, నాకు ఇవి ఇష్టం, ఇలా వినండి అని ఒక అరగంట ఏరి ఇస్తే చాలు, పండగ చేసుకునేవాళ్ళం. ఆ అరగంట మనకి దొరకలేదు. విలియమ్స్, గోల్డ్‌స్మిత్ తమ శ్రోతలకి ఇచ్చారు. ఆ ఇచ్చిన అరగంటే నీ అట్టపెట్టెలో ఉంది.

బాహుబలి నేపథ్య సంగీతం సంపుటాలుగా వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ కుక్కర్ కూతే.

నీ ఇల్లు ఇరుకని తెలుసు. కొత్త ఫ్లాట్‌లో అలమరా కూడా చిన్నదని పోయినసారి చెప్పావు. అంత తప్పదంటే నాకు పంపించు, రవాణా ఖర్చు నేనే పెట్టుకుంటాను. ఏలియన్ మాత్రం అట్టకి అట్టముక్కలు రెండువైపులా కట్టి పంపు, అంచులు మెత్తబడి ఉన్నాయి, నాకు గుర్తే. కానీ పంపేముందు ఒక్క పని చెయ్యి. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక స్టార్ వార్స్ రెండో సైడు పెట్టు. ఫోను పక్క గదిలో పెట్టేసి, జాజ్ బ్యాండు అయిపోయి సూది లోపలి గాడిలో తిరిగేదాకా లేవకు. తర్వాత ఏమనిపించిందో ఉత్తరం రాయి.

అమ్మ దీవెనలు చెప్పమంది. వదినకి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ బావ