బెర్లిన్‌లో అద్దె ఇల్లు: అడ్వాన్సుకు ముందు అడగాల్సిన కాగితం

సంపాదకుల వారికి,

విశాఖ ద్వారకానగర్‌లో ఏ మేడ మెట్లెక్కినా జర్మనీ చదువుల బోర్డు కనబడుతోంది. సీటు, వీసా, బ్లాక్డ్ అకౌంటు (వీసా కోసం ఏడాది ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే ఖాతా) దాకా అన్నీ విడమరిచి చెబుతారు. దిగిన రాత్రి ఎక్కడ పడుకోవాలి అని అడిగితే మాత్రం ‘వాట్సాప్ గ్రూపులో పెట్టండి, ఏదో ఒకటి దొరుకుతుంది’ అని తేల్చేస్తారు. అక్కడ శీతాకాలపు సెమిస్టర్ అక్టోబరు 1న మొదలవుతుంది కాబట్టి, విశాఖ నుంచి అడ్వాన్సులు కదిలేది ఆగస్టు, సెప్టెంబరులోనే. ఆ తొందరలో జరిగే తప్పుల గురించే ఈ ఉత్తరం.

మన దగ్గర ఖాళీ ఇల్లంటే కనీసం వంటగట్టు, సింకు ఉంటాయి. జర్మనీలో ఖాళీ ఇల్లంటే చాలాచోట్ల వంటగదిలో గోడలోంచి పొడుచుకొచ్చిన నీళ్ల పైపు, కరెంటు తీగ మాత్రమే ఉంటాయి. స్టవ్వు, సింకు, అరలు అద్దెకున్నవాళ్లే కొని బిగించుకుంటారు, పోతూ ఊడదీసుకుపోతారు. రెండు సూట్‌కేసులతో దిగే కుర్రాడికి అది కుదరదు. అందుకే ప్రకటనల్లో ‘మోబ్లియర్ట్’ అన్న మాట ఉన్నవే, అంటే సామాన్లతో సహా ఇచ్చేవే చూసుకోవాలి. అద్దె ఎక్కువైనా మొదటి ఏడాదికి అదే దారి.

అద్దె ఎంత అని అడిగేముందే అడగాల్సింది ఇంకొకటుంది. జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా మున్సిపల్ కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. అద్దె ఒప్పందం చూపిస్తే చాలదు. ఇల్లిచ్చినవాళ్లు సంతకం చేసిన ‘వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్’ కావాలి. పేరు నోరు తిరగనిదైనా కాగితం ఒక పేజీయే: ఇల్లిచ్చినవారి పేరు, చిరునామా, వాళ్లు యజమాని కాకపోతే యజమాని పేరు, చేరిన తేదీ, ఇంటి చిరునామా, చేరినవాళ్ల పేర్లు. ఆ నమోదు లేకపోతే ట్యాక్స్ నంబరు రాదు, నివాస అనుమతి పని ముందుకు సాగదు, చాలా బ్యాంకుల్లో ఖాతా దగ్గరా చిక్కే.

చవగ్గా కనబడే గదుల్లో చాలావాటికి ఈ కాగితం ఇవ్వరు. ఎందుకంటే అద్దెకున్నవాళ్లే యజమానికి చెప్పకుండా ఇంకొకరికి అద్దెకిస్తుంటారు. నిజానికి యజమాని అనుమతి ఉంటే అద్దెదారు కూడా ఈ కాగితం ఇవ్వొచ్చు. ‘రిజిస్ట్రేషన్ సంగతి తర్వాత చూద్దాంలే’ అన్నారంటే ఆ ఇల్లు వదిలెయ్యండి. ఇస్తామంటే సరే, ఆ మాట ఒప్పందంలో ఒక వాక్యంగా రాయించుకోండి. ఇల్లు లేకుండా ఉత్త చిరునామా అమ్మేవాళ్ల జోలికి అసలు పోవద్దు. అలా దొంగ చిరునామా ఇవ్వడం అక్కడ 50,000 యూరోల దాకా జరిమానా పడే నేరం.

పచ్చి మోసగాడు మాత్రం ఈ కాగితమేమిటి, ఏదైనా ఇస్తానంటాడు. అతణ్ణి పట్టుకునేది వేరే చోట. తను వేరే దేశంలో ఉన్నానని, డబ్బు అందగానే తాళాలు పోస్టులో పంపుతానని అంటాడు. ఫొటోలు హోటల్ గదుల్లా ఉంటాయి, అద్దె చుట్టుపక్కల కంటే బాగా తక్కువ. వీడియో కాల్ అడగండి. గదిలోంచి మొదలుపెడితే ఒప్పుకోవద్దు. రోడ్డు మీద ఇంటి నంబరు దగ్గర మొదలుపెట్టి, గుమ్మం దగ్గర కాలింగ్ బెల్లుల పలక చూపించి, మెట్లెక్కి, తాళం తీసి లోపలికెళ్లి, వంటింట్లో కుళాయి తిప్పమనండి. వేసవి చివర్లో మనకు సాయంత్రం 6 అయితే అక్కడ మధ్యాహ్నం 2.30, వెలుతురికి కొదవుండదు. పాస్‌పోర్టు స్కాన్ పంపక తప్పకపోతే, దాని మీద అడ్డంగా ‘ఫలానా ఇంటి అద్దె కోసం మాత్రమే’ అని తేదీతో రాసి పంపండి.

ఇక లెక్క. ప్రకటనలో రెండు అంకెలుంటాయి. ‘కాల్ట్‌మీటె’ ఉత్త అద్దె. ‘వార్మ్‌మీటె’లో హీటింగు, నీళ్లు, చెత్త, మెట్ల శుభ్రత కలుస్తాయి. కరెంటు, ఇంటర్నెట్ కలిశాయో లేదో విడిగా అడగాలి. హీటింగు కోసం నెలనెలా కట్టేది అంచనా మాత్రమే. వాడకం ఎక్కువైతే మరుసటి ఏడాది పై బిల్లు వస్తుంది. ‘అన్నీ కలిపి ఇంతే’ అని ఒప్పందంలో ఉంటే ఆ బెడద లేదు. అడ్వాన్సు మూడు నెలల ఉత్త అద్దెకు మించకూడదని జర్మనీ సివిల్ కోడ్ 551వ సెక్షన్ చెబుతోంది. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కూడా అదే ఇస్తోంది, మొదటి వాయిదా అద్దె మొదలైనప్పుడు. ఓనరు పెట్టుకున్న బ్రోకరుకు ఓనరే కట్టాలన్నది 2015 నుంచి ఉన్న చట్టం.

ఇక్కడ చాలా కుటుంబాలు లెక్క తప్పుతున్నాయి. బ్లాక్డ్ అకౌంటులో 11,904 యూరోలు వేస్తారు, అందులోంచి నెలకు 992 మాత్రమే చేతికొస్తుంది. ఉత్త అద్దె 500, అన్నీ కలిపి 650 అనుకోండి. మొదటి నెల అద్దె 650, అడ్వాన్సు మొదటి వాయిదా 500, మొత్తం 1,150. అంటే తిండికి రూపాయి ఖర్చు పెట్టకముందే 158 యూరోలు తక్కువ. అడ్వాన్సు 1,500 ఒకేసారి అడిగితే సరేసరి. ఈ సొమ్ము బ్లాక్డ్ అకౌంటుకు బయట, విడిగా సర్దుకుని బయల్దేరాలి.

గడువు పెట్టి రాసిన ఒప్పందమైతే, అందులో వీలు రాసుకుంటే తప్ప, మధ్యలో ఖాళీ చేస్తానంటే చెల్లదు. గడువు లేనిదైతే మూడు నెలల నోటీసు. ఆ నెల కూడా లెక్కలోకి రావాలంటే నోటీసు ఆ నెల మూడో పనిదినంలోపు ఓనరుకు చేరాలి. వాట్సాప్, ఈమెయిల్ పనికిరావు, సంతకమున్న కాగితమే కావాలి. ఓనరు తానుంటున్న ఇంట్లోనే సామాన్లతో ఒక గది ఇచ్చి ఉంటే 15వ తేదీలోగా నోటీసిచ్చి ఆ నెలాఖరుకే వెళ్లిపోవచ్చు.

తాళాలు తీసుకునే రోజు ఒక గంట పెట్టుకోండి. సామాన్ల జాబితా చేతిలో పట్టుకుని ఒక్కొక్కటీ చూడాలి. పరుపెత్తి కింద చెక్క పట్టీలు విరిగాయేమో, ఓవెన్ తలుపు సరిగ్గా మూస్తుందో, నున్నటి గాజు స్టవ్వు మీద గీతలున్నాయో చూసి, ఉన్నవి రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. కరెంటు మీటరు రీడింగ్ ఫొటో తీసేటప్పుడు మీటరు నంబరు కూడా పడాలి. తాళాలెన్ని ఇచ్చారో అంకె రాయాలి. చాలా భవనాల్లో వీధి తలుపుకూ ఇంటికీ ఒకే తాళం వరస, ఒక్కటి పోతే మొత్తం మార్చాలంటారు. తాళాలు పోయినా వర్తించే లయబిలిటీ ఇన్సూరెన్స్ (మన వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే బీమా) ముందే తీసుకోవడం మేలు.

అడ్వాన్సులో కోతలు పడేది ఎక్కువగా మన అలవాట్ల దగ్గరే. గాజు స్టవ్వు మీద కుక్కర్‌ను జరిపితే గీత పడుతుంది, ఎత్తి పెట్టాలి. అది ఇండక్షన్ అయితే ఇంటి నుంచి తీసుకెళ్లిన అల్యూమినియం కుక్కర్ వేడే ఎక్కదు, ఇండక్షన్ అడుగున్న స్టీలుది కావాలి. మిక్సీకి ఓల్టేజీ సమస్య లేదు, అక్కడా 230 ఓల్టులే. కానీ మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు ఆ సాకెట్లో పట్టదు, ఎర్తింగ్ ఉన్న అడాప్టరు తీసుకెళ్లండి. బెర్లిన్ నీళ్లలో సున్నం ఎక్కువ. కెటిల్లో, స్నానాల గది అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది, వారానికోసారి సిట్రిక్ యాసిడ్‌తో కడిగితే పోతుంది. ఏడాది వదిలేస్తే క్లీనింగ్ బిల్లు వేస్తారు.

బూజు అన్నిటికంటే ఖరీదైనది. విశాఖలో కిటికీలు తెరిచే ఉంటాయి, సముద్రపు గాలి దాని పని అది చేసుకుంటుంది. అక్కడి కిటికీ మూస్తే గాలి చొరదు. అన్నం ఆవిరి, సాంబారు ఆవిరి, గదిలోనే ఆరేసిన బట్టల తడి అంతా చల్లటి గోడ మూలకు చేరి నల్లగా పూస్తుంది. రోజుకు రెండు మూడుసార్లు కిటికీని పూర్తిగా తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి మూసెయ్యాలి. ఓరగా తెరిచి రోజంతా వదిలేస్తే గోడ చల్లబడి బూజు ఇంకా త్వరగా పడుతుంది. రేడియేటర్ మీటను 3 దగ్గర పెడితే సుమారు 20 డిగ్రీలుంటుంది. దాని ముందు మంచమో బీరువానో అడ్డం పెట్టొద్దు.

చాలా ఇళ్ల తలుపులకు బయట వైపు తిప్పే పిడి ఉండదు, కదలని గుండు మాత్రమే ఉంటుంది. చెత్త పడేయడానికి తాళం లేకుండా బయటికొస్తే, గాలికి తలుపు పడిందా, ఇక మెట్ల మీదే. సెలవు రోజు రాత్రి తాళాలు తీసేవాణ్ణి పిలిస్తే ఎంత అడుగుతాడో మీ ఊహకే వదిలేస్తున్నాం.

చేరిన రోజే మరవకూడనిది పేరు చీటీ. చాలా భవనాల్లో మనలా ఫ్లాట్ నంబర్లుండవు, పోస్టుమ్యాన్ చూసేది బెల్లు మీదా, ఉత్తరాల డబ్బా మీదా ఉన్న పేరే. ట్యాక్స్ నంబరు, బ్యాంకు కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి. పేరు లేకపోతే తిరిగి వెళ్లిపోతాయి. నమోదయ్యాక రేడియో, టీవీ రుసుము ఉత్తరం కూడా వస్తుంది. ఇంటికి నెలకు 18.36 యూరోలు, టీవీ లేకపోయినా కట్టాల్సిందే. ఇంట్లో ఒకరు కడుతుంటే వాళ్ల రుసుము ఖాతా నంబరు రాసి పంపితే సరిపోతుంది.

నగరంలోని కన్సల్టెన్సీలు వీసా ఫైలుతో పాటు ఆ నమోదు కాగితం నమూనా, అడ్వాన్సు లెక్క రెండు పేజీలుగా ప్రతి విద్యార్థి చేతిలో పెట్టాలని కోరుతున్నాం. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆగస్టులో ఒక పూట తెలుగులోనే ఈ విషయం మీద తరగతి పెడితే ఇంకా మంచిది. పిల్లలతో పాటు డబ్బు పంపే అమ్మానాన్నల్ని కూడా పిలవాలి.

ఇట్లు,
విదేశీ అద్దె ఒప్పందాలు చదివిపెట్టే కొందరు పాఠకులు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం