మా 1924 మోడల్ టీ పాత ఇంజిన్ బ్లాకు మాకు తిరిగి ఇవ్వండి

మహారాణిపేట, విశాఖపట్నం
12 మార్చి 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మా 1924 ఫోర్డ్ మోడల్ టీ కారు ఇంజిన్ బ్లాకును మాతో ఒక్క మాట చెప్పకుండా మార్చడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

2023 నవంబరులో మా కారును బాగుచేయించడానికి లారీ మీద మీ వర్క్‌షాపుకు పంపించాను. గత నెల 18న అది తిరిగి ఇంటికి చేరింది. దింపుతున్నప్పుడు వీధిలో వాళ్లంతా వచ్చి చూసి చాలా బాగుందన్నారు. నేను బానెట్ ఎత్తి చూసేసరికి గుండె జారిపోయింది.

బ్లాకుకు, అంటే ఇంజిన్‌కు మూలమైన పోత ఇనుప దిమ్మెకు, ఎడమ పక్కన, నీళ్లు లోపలికి వెళ్లే చోటుకు కాస్త పైన నంబరు కొట్టి ఉంటుంది. 1998లో మా నాన్నగారు ఆ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది ప్రింటు తీసి బీరువాలో దాచారు. ఆ కాగితం తెచ్చి పక్కన పెట్టి చూశాను. కలవలేదు. మా నంబరు ముందు ‘సి’ అక్షరం ఉంది. కెనడాలో తయారైన ఇంజిన్లకు ఉండే గుర్తు అది. ఇప్పుడు కారులో ఉన్న బ్లాకుకు ఆ అక్షరమే లేదు.

మీ వర్క్‌షాపు మేనేజరు గారికి ఫోన్ చేశాను. “పాత బ్లాకు పగిలింది సార్, వేరేది దొరికితే వేసేశాం. మోడల్ టీ లక్షల్లో తయారైంది కదా, ఏ బ్లాకైనా ఒకటే” అన్నారు. పాతది ఎక్కడుందని అడిగితే “స్క్రాప్‌లో పోయుంటుంది” అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లక్షల్లో కాదు, 1908 నుంచి 1927 వరకు కోటిన్నరకు పైగా తయారయ్యాయి. 1913లో కదిలే అసెంబ్లీ లైను వచ్చాక పన్నెండున్నర గంటలు పట్టే చాసిస్ (కారు అడుగు చట్రం) పని గంటన్నరకు దిగింది. అందుకే వేరే బ్లాకు మీకు అంత సులువుగా దొరికింది. కానీ మా కారుకు చాసిస్ మీద వేరే నంబరు లేదు. ఇంజిన్ నంబరే కారు నంబరు. తాతగారి కాలం కాగితాల్లో ఉన్నది కూడా ఆ నంబరే. ఆ బ్లాకు తీసేశాక, ఇది మా కారేనని నేను ఏ కాగితం చూపించి చెప్పాలి?

ఈ కారు మా ఇంటికి ఎలా వచ్చిందో మొదటి రోజే మీ మనిషికి చెప్పాను. మీకు కూడా తెలియాలని మళ్లీ రాస్తున్నాను. బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న దేశాలకు కుడిచేతి స్టీరింగ్ ఫోర్డులు కెనడా నుంచి వచ్చేవి. అలా వచ్చినవాటిలో ఇదొకటి. విశాఖ హార్బర్ కడుతున్న రోజుల్లో మా తాతగారు అక్కడ రాయి తోలే చిన్న కాంట్రాక్టరు. ఊరు విడిచి వెళ్తున్న ఒక అధికారి దగ్గర దీన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. 1933లో హార్బర్ ప్రారంభమైన నాడు నాయనమ్మను ఇందులోనే తీసుకెళ్లారట. పెట్రోలు ట్యాంకు ముందు సీటు కింద ఉంటుంది, పంపు లేదు, పెట్రోలు వాలు మీదే ఇంజిన్‌కు రావాలి. ట్యాంకులో తక్కువ ఉన్నప్పుడు ఎత్తు ఎక్కాలంటే కారును వెనక్కి తిప్పి రివర్స్‌లో ఎక్కించేవారు. వాల్తేరు మెట్ట మీదికి తాతగారు అలా వెనక్కి నడుపుకుంటూ వెళ్తుంటే పిల్లలు వెంట పరిగెత్తేవారని నాన్నగారు ఎన్నిసార్లు చెప్పారో. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు షెడ్డు రేకులు లేచిపోతే, మా ఇంటిల్లిపాదీ ఆ గాలిలో టార్పాలిన్ పట్టుకుని దీని చుట్టూ నిలబడ్డాం. ఆ ఉప్పు గాలికి తుప్పు ఎక్కువై, ఇక మా వల్ల కాదని మీ దగ్గరికి వచ్చాం.

బ్లాకు పగిలిందన్నారు. పగిలే ఉండొచ్చు, నీళ్ల జాకెట్ (ఇంజిన్‌ను చల్లార్చే నీళ్లు తిరిగే భాగం) దగ్గర సన్నటి గీత నేనూ చూశాను. పోత ఇనుముకు అది కొత్త జబ్బు కాదు. పగులు వెంట రంధ్రాలు చేసి, మేకులు బిగించి, వేడి తగలకుండా కుట్టే మెటల్ స్టిచింగ్ పని ఉంది. ఓడల ఇంజిన్లకు మా ఊళ్లో చేస్తూనే ఉన్నారు. మీరు ఒక్క ఫోన్ చేసి ఉంటే నేనే చేయించి పంపేవాణ్ని.

మార్చిన బ్లాకైనా సరిగ్గా ఉందా అంటే అదీ లేదు. బీచ్ రోడ్డులో పది నిమిషాలు నడిపేసరికి కింద టకటక చప్పుడు మొదలైంది. ఆయిల్ దింపితే అడుగున వెండి రజను లాంటి పొట్టు మెరుస్తూ కనిపించింది. ఈ ఇంజిన్ బ్లాకులో బేరింగులు విడిగా బిగించేవి కావు, వైట్‌మెటల్ అనే మెత్తటి లోహం కరిగించి అక్కడే పోసి, తొలిచి, గీకి సరిచేయాలి. ఓడల బేరింగులు పోసిన పెద్ద మెకానిక్ ఒకాయన వచ్చి చూసి, పోత ఇనుముకు పట్టలేదని, పోసే ముందు శుభ్రం చేయడం సరిగా జరగలేదని చెప్పారు. ఆయన రాసిచ్చిన కాగితం, ఫొటోలు దీనితో పంపుతున్నాను.

ఇక కాయిల్ పెట్టె. ఫ్లైవీలుకు బిగించిన 16 అయస్కాంతాలు తిరిగితే కరెంటు పుడుతుంది, చెక్క డబ్బాల్లోని నాలుగు కాయిళ్లు జుమ్మని మోగుతూ నిప్పురవ్వ ఇస్తాయి. నా చిన్నప్పుడు నాన్నగారు హ్యాండిల్ తిప్పేటప్పుడు ఆ జుమ్ము వినడానికే నేను డ్యాష్‌బోర్డుకు చెవి ఆనించేవాణ్ని. దాన్ని తీసేసి 12 వోల్టుల బ్యాటరీ, కరెంటును సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్ పెట్టారు. అయస్కాంతాలు బలహీనపడితే మళ్లీ శక్తి ఎక్కించవచ్చు, కాయిల్‌లో కండెన్సర్ పోతే కొత్తది వేయవచ్చు. ఇది మీకు తెలియదంటే నేను నమ్మలేను, మీ కరపత్రంలో ఆ పని చేస్తామని మీరే రాసుకున్నారు.

కారుకు ఎరుపు రంగు వేశారు. ఎందుకని అడిగితే, మీ వాళ్లు మొదట్లో మోడల్ టీ ఎరుపులో కూడా వచ్చిందన్నారు. నిజమే, కానీ అది తొలి రోజుల మాట. 1914 నుంచి 1925 దాకా నలుపు తప్ప వేరే రంగు ఇవ్వలేదు. మాది 1924 బండి, మేము ఇచ్చినప్పుడు నల్లగానే ఉంది.

సీట్ల పని, టాప్ గుడ్డ, చెక్క చక్రాల ఆకులు బిగించిన పని మాత్రం నిజంగా బాగా చేశారు. ఆ పని చేసిన వాళ్లకు నా తరఫున కృతజ్ఞతలు చెప్పండి.

మన ఒప్పందం రెండో పేజీలో “అసలు భాగాలను కాపాడుతూ, మార్పు అవసరమైతే యజమాని రాతపూర్వక అనుమతితో” అని ఉంది. నేను ఏ అనుమతీ ఇవ్వలేదు. 50 ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు కూడా బండి అసలు రూపంలో ఉండాలని, చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదని చెబుతున్నాయి. ఆ నిబంధనల కింద ఇచ్చే ‘వి.ఎ.’ అక్షరాల వింటేజ్ నంబరు కోసం దరఖాస్తు వేయడానికే ఈ పనంతా పెట్టుకున్నామని మీకు ముందే చెప్పాను. 20,000 రూపాయల ఫీజు కూడా సిద్ధం చేసుకుని కూర్చున్నాం. ఇప్పుడు ఆ దరఖాస్తులో ఇంజిన్ నంబరు దగ్గర ఏం రాయాలో తెలియక ఆగిపోయాను.

అన్నిటికంటే ముందు మాకు మా బ్లాకు కావాలి. పగిలినదైనా, తుప్పు పట్టినదైనా, రెండు ముక్కలైనా సరే. స్క్రాప్ ఎవరికి అమ్మారో వాళ్లను ఈ రోజే అడిగించండి, ఆలస్యమైతే కరిగించేస్తారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. కాయిల్ పెట్టె, కాయిళ్లు, అయస్కాంతాలు, తీసిన ప్రతి బోల్టు పంపించాలి. బ్లాకు దొరికాక కుట్టించి, వైట్‌మెటల్ పోయించి బిగించే ఖర్చు మీరు భరించాలి. రంగు కింద తీసుకున్న 1,80,000 రూపాయలు వాపసు ఇవ్వాలి. ఒప్పందంలో మిగిలిన 3,50,000 రూపాయలు ఇవి పూర్తయ్యాకే చెల్లిస్తాను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపం కింద ఫిర్యాదు వేస్తాను. అందాకా వెళ్లాలని నాకు లేదు. మా అమ్మగారికి 84 ఏళ్లు, ఆ కారు ఆవిడ పెళ్లి ఊరేగింపు బండి. బ్లాకు గురించి రోజూ అడుగుతున్నారు.

ఆచూకీ తెలిస్తే రాత్రి, పగలు చూడకుండా ఫోన్ చెయ్యండి. లారీ నేనే పంపిస్తాను.

ఇట్లు,
కారు యజమాని