పేరు రాని పిల్లలు ఎక్కడ ఆడాలి?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఫుట్‌బాల్ జట్టుకు ఎంపికైన కుర్రాళ్ల పేర్లు వేశారు. వాళ్లందరికీ నా దీవెనలు. అందులో మా అబ్బాయి పేరు లేదు. వాడికి 15 ఏళ్లు, పెదజాలారిపేట ఇసుకలో ఆడుతూ పెరిగాడు, ఫార్వర్డ్. సెలక్షన్ల దగ్గర ఒక సారు "పొడుగున్నావు గానీ పరుగు లేదు, వెళ్లి చదువుకో" అన్నారట. ఏం సరిచేసుకోవాలో, మళ్లీ ఎప్పుడు రావాలో ఒక్క ముక్క చెప్పలేదు. ఇంటికొచ్చి బూట్లు మంచం కిందకి తోసేశాడు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మూడో రోజు రాత్రి వాడే ఫోన్ పట్టుకొచ్చి, నా పక్కన కూర్చుని ఒక ఇంగ్లండ్ ఆటగాడి సంగతి చెప్పాడు. పేరు రికీ లాంబర్ట్. 1982లో పుట్టాడు, లివర్‌పూల్ పక్కన కిర్క్‌బీ అతని ఊరు. చిన్నతనంలోనే లివర్‌పూల్ క్లబ్బు తీసుకుంది, సరిగ్గా 15 ఏళ్లప్పుడు ఇక అక్కర్లేదని పంపేసింది. తర్వాత చేరిన బ్లాక్‌పూల్ క్లబ్బూ కొన్నాళ్లకు వదిలేసింది. అప్పుడు ఒక బీట్‌రూట్ ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించే పనికి కుదిరాడు. పని చేసుకుంటూనే మాక్లెస్‌ఫీల్డ్ అనే చిన్న క్లబ్బుకు జీతం లేకుండా ప్రాక్టీసుకు వెళ్లేవాడట.

అక్కడ వాణ్ని ఆపాను. నేను 12 ఏళ్లుగా రొయ్యల కంపెనీలో పని చేస్తున్నాను. పొద్దున్నుంచీ ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలలు తీయాలి, పొట్టు తీయాలి. నిలబడే చెయ్యాలి. షిఫ్టు దిగేసరికి వేళ్లు మడత పడవు, మడమలు పట్టేస్తాయి. రోజంతా చేసిన పనే చేసే ఫ్యాక్టరీ ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అందులోంచి బయటికొచ్చి గ్రౌండులో పరిగెత్తాడంటే ఆ కుర్రాడికి చేతులెత్తి దండం పెట్టాలి. "మరి అతనికి ఆడే చోటు ఎవరిచ్చారురా?" అని అడిగాను.

వాడు నోటుబుక్కు తీసి నిచ్చెన గీశాడు. పైన ప్రీమియర్ లీగ్, 20 క్లబ్బులు. దాని కింద మూడు మెట్లు, మెట్టుకు 24 చొప్పున 72 క్లబ్బులు. వాటి కిందా ఇంకా ఉన్నాయట. ఏటా బాగా ఆడిన జట్లు పై మెట్టెక్కుతాయి, ఓడినవి దిగుతాయి. లాంబర్ట్ అడుగు మెట్ల మీదే మాక్లెస్‌ఫీల్డ్, స్టాక్‌పోర్ట్, రోచ్‌డేల్, బ్రిస్టల్ రోవర్స్ అంటూ తిరిగాడు. అతనూ వేగంలో గొప్పవాడు కాదట. 2009లో, 27 ఏళ్ల వయసులో సౌతాంప్టన్‌కు వచ్చాడు. అప్పుల గొడవలో 10 పాయింట్లు కోసేయడంతో ఆ జట్టు మూడో మెట్టు మీద సున్నా కంటే కింద నుంచి మొదలెట్టింది. అక్కడి కోచ్ అలన్ పార్డ్యూ ఒళ్లు తగ్గించుకొమ్మని అతనికి మొహం మీదే చెప్పాడట. చెప్పాడు, కానీ ఇంటికి పొమ్మనలేదు. మూడేళ్లలో ఆ జట్టు ప్రీమియర్ లీగ్‌కు చేరింది. ఆ క్లబ్బుకు 34 పెనాల్టీలు కొడితే 34 గోల్సూ పడ్డాయి.

2013 ఆగస్టు 14న వెంబ్లీలో స్కాట్లండ్ మీద మ్యాచ్, స్కోరు 2-2. 31 ఏళ్ల లాంబర్ట్ మొదటిసారి ఇంగ్లండ్ చొక్కా తొడుక్కుని దిగాడు. కార్నర్ నుంచి వచ్చిన బంతిని తలతో కొట్టాడు, గోల్. ఆ మ్యాచ్‌లో అతను బంతిని తాకడం అదే మొదలు. ఆ వీడియో మా వాడు నాకు నాలుగుసార్లు చూపించాడు. మరుసటి ఏడాది, 15 ఏళ్లప్పుడు వద్దన్న లివర్‌పూల్ క్లబ్బే డబ్బిచ్చి కొనుక్కుంది. అక్కడ ఒక్క సీజనే ఉన్నాడు, గోల్స్ పెద్దగా రాలేదు. ఆ గేటులోంచి మళ్లీ లోపలికి నడిచాడు కదా, నాకైతే అదే చాలు.

ఆ తర్వాత మా వాణ్ని తీసుకుని ఊళ్లో మూడు చోట్లకు తిరిగాను. ఒకచోట వయసు దాటిందన్నారు. ఒకచోట నెల ఫీజు నా వారం కూలీ కంటే ఎక్కువ. మూడో చోట వచ్చే ఏడు చూద్దామన్నారు. మా అబ్బాయి లాంబర్ట్ అయిపోతాడని నేను అనడం లేదు. సెలక్షన్‌లో పోయిన పిల్లాడు మర్నాడు ఏ జట్టులో ఆడాలి అని అడుగుతున్నాను.

సెలక్షన్లు పెట్టేవాళ్లు, తీసుకోని ప్రతి పిల్లాడికీ వాడిలో ఏది తక్కువైందో, మళ్లీ పరీక్ష ఎప్పుడో ఒక చీటీ మీద రాసివ్వాలి. జాలారిపేట, జ్ఞానాపురం, కంచరపాలెం, గోపాలపట్నం, గాజువాక, ఏ పేటకాపేట జట్టు కట్టుకుని ఆదివారాలు ఆడుకునేలా గ్రౌండు ఇప్పించండి. ఆ స్కోర్లు మీ పేపర్లో ఒక్క లైనే వెయ్యండి. మా పేటలో దాన్ని కత్తిరించి గోడకు అంటించుకుంటారు.

మీ పాఠకుల్లో ఎవరైనా 15 దాటిన పిల్లలను చేర్చుకునే జట్టు నడుపుతుంటే గ్రౌండు పేరు, టైము మీ పేజీలో తెలియజేయమని కోరుతున్నాను. ఆదివారం నాకు సెలవు, వాణ్ని నేనే తీసుకొస్తాను.

– ఒక తల్లి,
పెదజాలారిపేట, విశాఖపట్నం